ఉప్పుగాలి తిన్న ఆటపెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత వీడియో గేమ్‌ల మరమ్మతు గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ఉత్తరాలలో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. మొదటి జవాబు పెద్దదయింది. అందులోని శుభ్రం చేసే పద్ధతి మిగతావారికీ పనికివస్తుంది కనుక దాన్ని కుదించలేదు.

ప్రశ్న: మా నాన్నగారు మర్చంట్ నేవీలో పనిచేసే రోజుల్లో, 1986లో, జపాను నుంచి ఒక వీడియో గేమ్ తెచ్చారు. తెల్లటి పెట్టె మీద ముదురు ఎరుపు భాగాలుంటాయి, రెండు రిమోట్ల తీగలూ పెట్టెలోంచే వస్తాయి. 2014లో హుద్‌హుద్ తుపానుకు మేడగది కిటికీ ఊడిపోయి అటక మీది సామానంతా తడిసింది. అప్పుడు పైపైన తుడిచి అట్టపెట్టెలో పెట్టి మరిచిపోయాం. ఇప్పుడు తీసి చూస్తే స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి, క్యాసెట్టు పెట్టే గాడిలో పచ్చగా ఏదో కనిపిస్తోంది. మా అబ్బాయి ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామంటే నేను వద్దన్నాను. ఇంట్లో బాగుచేసుకోగలమా? దానితో వచ్చిన జపాను ఎడాప్టరు వాడవచ్చా? మా ఇంట్లో ఉన్నది ఎల్‌ఈడీ టీవీ.
— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ప్లగ్గు పెట్టనివ్వకపోవడమే ఈ మరమ్మతులో మొదటి పని, దాన్ని మీరు ముందే చేసేశారు. మీ వర్ణనను బట్టి అది నింటెండో కంపెనీ 1983 జూలైలో జపానులో విడుదల చేసిన ఫామికామ్. రెండవ రిమోట్‌లో స్టార్ట్, సెలెక్ట్ మీటలు లేకుండా చిన్న మైకు ఉంటే ఇక అనుమానం అక్కరలేదు. కంపెనీ 2003లో దాని తయారీని, 2007లో మరమ్మతులను కూడా ఆపివేసింది కాబట్టి ఎవరి పెట్టెను వారే చూసుకోవలసిన స్థితి వచ్చింది.

మీ పెట్టెకు పట్టిన జబ్బు వయసు కాదు, ఉప్పు. నలభై ఏళ్ళ నాటి చిప్పులు పొడిగా ఉన్నచోట ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. అయితే తుపాను గాలి వాననీటితో పాటు సముద్రపు తుంపరను కూడా మోసుకువస్తుంది. ఆ నీరు వారంలోనే ఆరిపోయి ఉంటుంది గాని, ఉప్పు మాత్రం బోర్డు మీదనే ఉండిపోయి, మన ఊరి గాలిలోని తేమను ఏడాది పొడుగునా పీల్చుకుంటూ రాగిని కొద్దికొద్దిగా తింటూ వచ్చింది. మీకు గాడిలో కనిపించే పచ్చదనం ఆ చిలుమే. ఈ స్థితిలో కరెంటు ఇస్తే తడి ఉప్పు మీదుగా విద్యుత్తు పారి, పన్నెండేళ్ళలో జరగని నష్టం పది నిమిషాల్లో జరగవచ్చు.

విప్పడం కష్టమేమీ కాదు. అడుగున ఉండేవి మామూలు స్టార్ స్క్రూలే. తుప్పు పట్టిన స్క్రూను బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది కనుక, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క స్క్రూ తల మీద మాత్రమే వేసి, ఒక రాత్రి వదిలేసి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో గట్టిగా అదిమి తిప్పండి. ప్రతి దశలోనూ ఫోనుతో ఫోటో తీసుకోండి. ఏ తీగ ఎక్కడిదో గుర్తుంటుందని నమ్మి మోసపోయినవారిలో ఈ జవాబు రాస్తున్నవాడూ ఒకడు. లోపల పెద్ద బోర్డు ఒకటి, కరెంటుకూ టీవీ సంకేతానికీ సంబంధించిన చిన్న బోర్డు ఒకటి ఉంటాయి. రెండింటినీ కలిపే తీగల పట్టీని నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే తెగిపోతుంది కాబట్టి రెండు బోర్డులనూ కలిపే పట్టుకుని బయటకు తీయండి.

ఇక కడగడం. ఎలక్ట్రానిక్ బోర్డును నీటితో కడగడమేమిటని మీరు అనుకోవచ్చు, కానీ ఉప్పు కరిగేది నీటిలోనే. స్పిరిట్‌తో ఎంత తుడిచినా ఉప్పు పూర్తిగా పోదు. కుళాయి నీటిలోనూ లవణాలుంటాయి కనుక ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు సీసాలు కొనండి. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, కాబట్టి చీటీ చదివి మరీ తీసుకోండి. బోర్డును పళ్ళెంలో ఉంచి, ఆ నీరు పోస్తూ, మెత్తని పళ్ళ బ్రష్షుతో రెండు వైపులా రుద్దండి; నీరు మార్చి మళ్ళీ చేయండి. చిలుము గట్టిగా ఉన్నచోట మాత్రం తెల్ల వెనిగర్‌ను సగం నీటితో కలిపి, దూదిపుల్లతో అద్ది, రెండు మూడు నిమిషాలు ఆగి తుడిచి, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగేయాలి. వెనిగర్ కూడా ఆమ్లమే కాబట్టి మిగిలిపోతే ఉప్పు చేసిన పనే అదీ చేస్తుంది. క్యాసెట్టు గాడిలో అరవై కాళ్ళుంటాయి. వాటిని ఉప్పుకాగితంతో గీకడం చాలామంది చేసే తప్పు: పైపూత పోయిన కాలు మళ్ళీ వర్షాకాలానికల్లా పచ్చబడుతుంది.

చివరగా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి కడగండి. సెల్‌ఫోన్ మరమ్మతు సామాను అమ్మేచోట ఇది దొరుకుతుంది. మందుల షాపు స్పిరిట్‌లో నీటి పాలు ఎక్కువ కనుక ఆఖరి కడుగుకు అది పనికిరాదు. కిటికీలు తెరిచి, వంటగదికీ అగరువత్తులకూ దూరంగా ఈ పని చేయండి, ఆ ద్రవం వెంటనే అంటుకుంటుంది. ఆ తరువాత ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, గాడిలో నూకలూ పిండీ చేరడం తప్ప వేరే ప్రయోజనం లేదు.

ఆరిన బోర్డును భూతద్దంతో చూడండి. క్యాసెట్టు గాడి, కరెంటు జాక్ ఉన్నచోట టంకం చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తే, అక్కడ టంకం బాగా అంటుకోవడానికి కాస్త ఫ్లక్స్ రాసి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో మళ్ళీ కరిగించాలి. కెపాసిటర్ల (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాల) విషయంలో నా అభిప్రాయం చాలామంది మెకానిక్కుల అభిప్రాయానికి భిన్నమైనది. తెరిచిన వెంటనే అన్నింటినీ మార్చేయడం వారి అలవాటు. ఈ పెట్టెలో ఉన్నవి బోర్డు రంధ్రాలలోంచి కాళ్ళు దింపి అతికించినవి, మొండివి. తల ఉబ్బినవి, అడుగున జిగట కారినవి, కాలికి చిలుము పట్టినవి మాత్రం మార్చండి. కొత్తదాని మైక్రోఫారడ్ విలువ పాతదానితో సమానంగా ఉండాలి, వోల్టు విలువ సమానంగా గాని ఎక్కువగా గాని ఉండవచ్చు. చార ఉన్న వైపు రుణధ్రువం. తిరగేసి అతికిస్తే పేలుతుంది. పాత టంకంలో సీసం ఉంటుంది కనుక పని ముగిశాక చేతులు కడుక్కోకుండా ఏదీ తినకండి.

జపాను ఎడాప్టరును మాత్రం జ్ఞాపకంగా దాచుకోండి, ప్లగ్గులో పెట్టకండి. అక్కడి ఇళ్ళకు వచ్చేది 100 వోల్టులు, మనకు వచ్చేది 230. ఫామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు. మన దుకాణాలలో దొరికే 9 వోల్టుల, 1 ఆంపియర్ ఎడాప్టరు దానికి చాలు, ఎందుకంటే లోపలి 7805 అనే రెగ్యులేటరు ఎలాగూ దాన్ని 5 వోల్టులకు దింపుతుంది. అసలు చిక్కు ధ్రువాల దగ్గర ఉంది. ఈ పెట్టెకు పిన్ను మధ్యభాగం రుణధ్రువం కావాలి, ఈనాటి ఎడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యభాగం ధనధ్రువం. కంపెనీ పేరు చూసి ఊహించడానికీ లేదు: సెగా మెగా డ్రైవ్ మొదటి మోడలుకు మధ్యలో రుణధ్రువమైతే, రెండవ మోడలుకు ధనధ్రువం. నా కాలేజీ రోజుల్లో ఎడాప్టరుగా వాడిన బ్యాటరీ ఎలిమినేటరుకు ధ్రువాలను మార్చే చిన్న మీట ఉండేది. ఎవరో దుమ్ము తుడుస్తూ ఆ మీటను జరిపారు, నేను చూసుకోలేదు; ఒక సెట్టు అలాగే పోయింది. ఏ ఎడాప్టరు కొన్నా, వోల్టులనూ నిరోధాన్నీ కొలిచే మల్టీమీటరుతో ధ్రువాలు చూశాకే పెట్టండి.

కరెంటు ఇచ్చేముందు 7805లో 5 వోల్టులు బయటకు వచ్చే చివరి కాలికీ, మధ్య కాలికీ మధ్య నిరోధం చూడండి. సున్నాకు దగ్గరగా చూపితే ఎక్కడో షార్టు ఉన్నట్టే, అక్కడితో ఆగిపోండి. లేకపోతే క్యాసెట్టు పెట్టకుండా ఆన్ చేసి అదే రెండు కాళ్ళ మధ్య వోల్టులు కొలవండి. 4.8 నుంచి 5.2 లోపు వస్తే మీ పెట్టె సగం బతికినట్టే. ఆ రెగ్యులేటరు వేడెక్కడం చూసి కంగారు పడకండి, దింపిన వోల్టులన్నీ వేడిగానే బయటకు పోతాయి.

మిగిలింది టీవీ. ఈ పెట్టె బొమ్మను పంపేది జపాను 1, 2 ఛానెళ్ళ మీద. ఆ ఛానెళ్ళు ఉండే 90 మెగాహెర్ట్జ్ పరిసరాలలో మన దగ్గర ఎఫ్‌ఎం రేడియో పాటలు వినిపిస్తాయి గాని టీవీ దొరకదు. కనుక మీ ఎల్‌ఈడీ టీవీలో ఛానెల్ వెతుకుతూ కూర్చుని, బొమ్మ రాలేదని పెట్టెను తప్పుపట్టవద్దు. చిత్రాన్ని తయారుచేసే చిప్పు 21వ కాలి నుంచి వీడియో సంకేతాన్ని తీసి, చిన్న ట్రాన్సిస్టరు సర్క్యూట్ ద్వారా టీవీ వెనుక పసుపురంగు ఏవీ జాక్‌కు ఇవ్వడం దీనికి అందరూ అనుసరించే మార్గం. 1993 డిసెంబరులో నింటెండోయే ఏవీ జాక్ ఉన్న మోడలును తెచ్చింది. ఈ ఒక్క పనినీ చేయి తిరిగినవారికి అప్పగించండి. తీగను తిన్నగా నడపకపోతే తెర మీద నిలువు చారలు వస్తాయి, పైగా ఆ చిప్పు పాడైతే విడిగా దొరకడం కష్టం.

ప్రశ్న: నా చిన్నప్పటి బూడిదరంగు టీవీ గేమ్ పైమూత పాత పత్రికలా పసుపుపచ్చగా మారింది. అడుగుభాగం మాత్రం కొత్తదానిలా ఉంది. సర్ఫ్‌తో కడిగినా పోలేదు. రంగు వేయించమంటారా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: రంగు వేయించవద్దు. అది మురికి కాదు కాబట్టి సర్ఫ్‌కు లొంగదు. ఆ కాలపు ప్లాస్టిక్‌లో, నిప్పు త్వరగా అంటుకోకుండా, బ్రోమిన్ ఉన్న పదార్థాలు కలిపేవారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకూ గాలికీ ఆ ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి మారుతూ వచ్చి ఇలా పచ్చబడుతుంది. మూతనూ అడుగునూ వేర్వేరు విడతల ప్లాస్టిక్‌తో పోయడం మామూలే కాబట్టి ఒకటి మారి మరొకటి మారకపోవడంలో వింత లేదు.

తెలుపు తిరిగి రావాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, వెలుతురు రెండూ కావాలి. బ్యూటీపార్లర్ సామాను అమ్మేచోట జుట్టుకు రంగు వేసేటప్పుడు కలిపే 12 శాతం పెరాక్సైడ్ క్రీము దొరుకుతుంది, సీసా మీద 40 వాల్యూమ్ అని ఉంటుంది. లోపలి బోర్డు, తీగలు, లోహపు ముక్కలు అన్నీ తీసేసి, ఖాళీ మూతకు క్రీమును సమానంగా పూసి, ఆరిపోకుండా పలుచని పాలిథీన్ కాగితం చుట్టి ఎండలో పెట్టండి. గంటకొకసారి కాగితం తీసి క్రీమును మళ్ళీ సర్దండి, లేకపోతే ఆరినచోట తెల్లటి మరకలు పడతాయి, వాటిని పోగొట్టడం పసుపును పోగొట్టడం కంటే కష్టం. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. మే నెలలో మన డాబాల మీద ఈ పని పెట్టుకుంటే పలుచటి ప్లాస్టిక్ వంగిపోయే ప్రమాదముంది. జనవరి ఎండ చాలు, రెండు రోజులు ఎక్కువ పడుతుందంతే. ఇంత చేసినా కొన్నేళ్ళకు పసుపు తిరిగి రావచ్చు. నన్నడిగితే, పగులు లేని పచ్చ మూతను అలాగే వదిలేస్తాను.

ప్రశ్న: 1990లలో కొన్న సెట్టుతో వచ్చిన తుపాకీ పాత డబ్బా టీవీలో బాగా పనిచేసేది. కొత్త టీవీలో, తెర మీది బాతులను కాల్చే ఆటలో, ఒక్క బాతూ పడటం లేదు. తుపాకీ విప్పి లెన్సు తుడిచాను, ప్రయోజనం లేదు.
— ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: మీ తుపాకీ బాగానే ఉంది, దాన్ని ఇక విప్పకండి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సారు ఆ వెలుగును చూసిందా లేదా అన్నదే లెక్క. అంటే తుపాకీ ఏమీ పేల్చదు, తెరను చూస్తుంది. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు పదిహేను వేలకు పైగా గీతలు గీస్తూ బొమ్మను అప్పటికప్పుడు వేస్తుంది, సెన్సారును ఆ మిణుకుకే తగినట్టు తయారుచేశారు. కొత్త టీవీ వచ్చిన బొమ్మను ముందు లోపల సవరించి ఆలస్యంగా చూపిస్తుంది, పైగా అందులో ఆ మిణుకూ లేదు. కనుక ఆ ఆట ఆడాలంటే డబ్బా టీవీయే కావాలి. పాతసామాను దుకాణంలో దొరికితే పనిచేసేదే కొనండి, పాడైనదాన్ని తెచ్చి మూత మాత్రం తెరవకండి: రంగుల పిక్చర్ ట్యూబులో ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా అది కొంతకాలం నిలిచి ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర ఉన్నది అసలు సరుకు కాదు, నకలు. ఒక రిమోట్‌లో ఎడమ మీట పనిచేయదు. రెండవ రిమోట్ మొత్తం పనిచేయదు, తీగను మెలిపెట్టి పట్టుకుంటే పనిచేస్తుంది. క్యాసెట్టును నోటితో ఊదితేగాని ఆట రాదు. నకలు సెట్టును బాగుచేయించడం దండగ అంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మన ఊళ్ళలో ఆ రోజుల్లో అమ్ముడైనవి చాలావరకు ఫామికామ్‌కు నకళ్ళే. పెట్టె మీద 9999 ఆటలని రాసి, లోపల ఓ పదీ ఇరవై ఆటలనే తిప్పితిప్పి చూపించిన క్యాసెట్లతోనే ఒక తరం పెరిగింది. వాటిలో చాలావాటికి చిప్పుల స్థానంలో బోర్డు మధ్య నల్లటి జిగురు బొట్టు కనిపిస్తుంది. ఆ బొట్టు కింద తప్పు ఉంటే బాగుచేయలేము, ఆ మాట నిజమే. మీరు చెప్పినవేవీ బొట్టు కింది తప్పులు కావు.

ఈ రిమోట్‌లో ఎనిమిది మీటల సమాచారమూ ఒకే తీగ మీద ఒకదాని వెనుక ఒకటిగా వెళుతుంది. కాబట్టి ఒక్క మీట మాత్రమే పనిచేయకపోతే తీగను అనుమానించవలసిన పని లేదు, దోషం ఆ మీట కిందనే ఉంటుంది. విప్పి, రబ్బరు కింది నల్లటి బిళ్ళనూ, బోర్డు మీద అది తాకే చోటునూ ఆల్కహాల్ అద్దిన దూదితో మెల్లగా తుడవండి. గట్టిగా రుద్దితే ఆ నలుపే లేచిపోతుంది. రెండవ రిమోట్‌లో అన్ని మీటలూ ఒకేసారి పోయాయి కనుక అక్కడ తప్పు తీగదే, అదీ సాధారణంగా రిమోట్ మెడ దగ్గర, పిల్లలు లాగే చోట. లోపల ఉండే తీగలు ఐదు. మెడ దగ్గర రెండంగుళాలు కోసి మళ్ళీ అతికించండి. నకళ్ళలో తీగల రంగులను నమ్మకూడదు. కోసే ముందే, ప్లగ్గు వైపు ఏ పిన్నుకు ఏ తీగ వెళుతోందో మల్టీమీటరు బీప్‌తో చూసి కాగితం మీద రాసుకోండి.

ఊదడం మానండి. ఊదిన తరువాత ఆట రావడానికి కారణం ఊపిరి కాదు, తీసి మళ్ళీ పెట్టడంలో కాంటాక్టులు రాసుకోవడం. ఊపిరిలోని తేమ మాత్రం క్యాసెట్టు పళ్ళ మీద మిగిలి చిలుముకు దారి చేస్తుంది. వాటిని ఆల్కహాల్‌తో తుడిస్తే, దూది నల్లగా రావడం మీరే చూస్తారు.

ఇందులో ఖర్చు నాలుగైదు వందల రూపాయలు దాటకపోవచ్చు. దండగో కాదో ఆడేవారు తేల్చుకోవాలి గాని, నకలు సెట్టుతో ఒక లాభముంది: చేయి తిరగనివారు సోల్డరింగ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి బోర్డు దొరకదు.

ప్రశ్న: బాగుచేయించిన సెట్టును సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ఎలా దాచాలి?
— ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: అట్టపెట్టె, పాత వార్తాపత్రిక రెండూ తేమను పట్టి ఉంచుతాయి కనుక రెండూ వద్దు. రబ్బరు అంచుతో బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే, లేదా నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే, తేమతో నిండిపోయాయని అర్థం. వాటిని పళ్ళెంలో పోసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికివస్తాయి, ఆ సమయంలో అందులో తినేవేవీ పెట్టకండి. అటక మీద కాకుండా బీరువా మధ్య అరలో ఉంచండి. మూడు నెలలకొకసారి తీసి అరగంట ఆడండి. లోపలి వేడికి కాస్త తేమ పోతుంది, మీరు వేసిన టంకం ఎలా ఉందో కూడా తెలుస్తుంది. రిమోట్ తీగలను పెట్టె చుట్టూ బిగించి చుట్టకుండా వదులుగా మడిచి పక్కన పెట్టండి.